పటికనీటి కన్ను

ధూమ్రకూట దుర్గాన్ని ఆమడ దూరం నుంచి చూసినవాడు అబ్బురపడి నోరు తెరుస్తాడు. ఏడు ప్రాకారాలు, ఏడింటికీ బంగారు శిఖరాలు, శిఖరశిఖరానికీ కెంపులు పొదిగిన నెమళ్లు, నెమళ్ల ముక్కుల నుంచి పొద్దస్తమానం కారే పన్నీటి ధారలు, ఆ ధారల కింద తామరకొలను, కొలనులో వెండి హంసలు. దగ్గరికి వచ్చినవాడు మాత్రం తెరిచిన నోరు మూసుకుని, దానితోపాటు ముక్కు కూడా మూసుకుంటాడు. బంగారమంతా ఇత్తడి పూత. కెంపులు గాజుపెంకులు. పన్నీరు అనుకున్నది పాచినీళ్లు. హంసల్లో మూడు తలకిందులై తేలుతున్నాయి.

"మాంత్రికుడి కొంపకి ఇంత సోకెందుకో," అంది చెంగల్వ, నెత్తిమీది పట్టుబట్ట మూట సర్దుకుంటూ.

వెనక రంగుకుండల కావడి మోస్తూ ఒక యువకుడు రొప్పుతున్నాడు. అతడు రత్నశిలా రాజ్యపు యువరాజు. పేరు అరిందముడు, అంటే శత్రువులను అణచేవాడు. ఇంతవరకు అతడు అణచినవి వంటశాలలో బూరెలు మాత్రమే. ఇప్పుడు మారువేషంలో ఉన్నాడు. మోకాళ్ల పైకి కట్టిన పంచె, ఒళ్లంతా నీలిమందు మరకలు, తలకు మాసిన పాగా, కావడిబద్దలో దాచిన కత్తి. అంతా బాగానే ఉంది గాని చెవుల వజ్రపు పోగులు తీయడం మరిచాడు. ఎంత లాగినా అవి రాకపోతే కొండ మొదట్లో చెంగల్వే వాటిమీద ఇంత మడ్డి పూసింది.

రత్నశిలలో ఏడాదికొకసారి కులదేవత పటాంబకు కొత్త పట్టుచీర కడతారు. దానిమీద కలంతో బొమ్మలు వేసేది చెంగల్వ ఇంటివాళ్లు. కొంగు నడుమ ఎవరి బొమ్మ ఉంటే ఆ ఏడు అమ్మవారి శక్తి వాళ్లకు అండ. తరతరాలుగా అక్కడ రాజు బొమ్మే వేస్తున్నారు. గజకేసరి మహారాజు పొట్టను సన్నగా, ఛాతీని వెడల్పుగా వేసి వేసి చెంగల్వ తండ్రి సింగన్న చేతికి అబద్ధం అలవాటైపోయింది.

తొమ్మిది రోజుల కిందట ఆ సింగన్నను, ఆయన చేతిలోని పిడుగుకలంతో సహా, పింగళజటుడనే మాంత్రికుడు గద్దరూపంలో వచ్చి తన్నుకుపోయాడు. పిడుగు పడి చీలిన వెదురుతో ముత్తాతల నాడు చేసిన కలం అది. దానితో గీసిన బొమ్మకు కన్ను పెడితే తలుపు తెరిచినట్టే. ఎవరి పోలికా లేని బొమ్మ అయితే బొమ్మే బయటికి దూకుతుంది. మనిషి పోలిక ఉన్నదైతే ఆ మనిషే బొమ్మలోకి పోతాడు. చీర అమ్మవారి ఒంటిమీద ఉండగా పెడితే మాత్రం శక్తి బొమ్మలోంచి మనిషికి వస్తుంది. అందుకే ఆ ఇంట్లో కన్ను ఎప్పుడూ చివరే, అదీ గుళ్లోనే పెడతారు.

"కలం తీసుకురా" అని చెప్పి మహారాజు కొడుకును పంపాడు. సింగన్నను కూడా తెమ్మనడం ఆయనకు తట్టలేదు. అమ్మవారి చీర, రంగులు తీసుకుని రమ్మని మాంత్రికుడు కబురు పెడితే చెంగల్వ వచ్చింది నాయన కోసం. కలం ఏ ఏట్లో కలిసినా ఆమెకు పట్టదు.

ఏడో ప్రాకారానికి తలుపు లేదు. నిలువెత్తు పట్టుతెర వేలాడుతోంది. దానిమీద నల్లగీతలతో పెద్దపులి. చెంగల్వ దాన్ని పైనుంచి కిందికి చూసి పెదవి విరిచింది.

"గీసినవాడు పులిని ఎన్నడూ చూడలేదు. పిల్లిని తలుచుకుని గీశాడు."

ఆ మాట వినిపించిందేమో, పులి తెరలోంచి ఒక్క దూకు దూకింది. అరిందముడు కావడి కింద పడేశాడు. రెండు కుండలు పగిలాయి. కత్తి లాగబోయి బద్దకు రెండోకొస పట్టుకున్నాడు. పులి పంజా అతని పాగాను ఎగరేసుకుపోయింది.

"కుడివైపుకి తిరుగు," అంది చెంగల్వ గోడకు ఆనుకుని.

అతడు తిరిగాడు. పులి అతని భుజాన్ని గీరింది.

"నీ కుడి కాదయ్యా, దాని కుడి. ముందరి కాళ్లు రెండూ ఎడమపక్కే గీశాడు. అది కుడికి తిరగలేదు."

అరిందముడు పులికి కుడివైపుగా పరిగెత్తాడు. అతన్ని పట్టుకోబోయి పులి రెండు చుట్లు తిరిగింది, కాలికి కాలు మెలిపడింది, బోర్లా పడింది. ఈలోగా కత్తి బయటికి వచ్చింది. వెన్నులో దిగింది. పులి ఉన్నచోట గరిటెడు నల్లనీళ్లు మిగిలాయి.

"నా పరాక్రమం చూశావా?" అన్నాడు అతడు.

"చూశాను. రెండు కుండలు పోయాయి."

ఆమె ఖాళీ తెరను వేళ్లతో తడిమింది. పులి ఉన్న చోట గీత అంచులు ముళ్లముళ్లుగా పాకిపోయి ఉన్నాయి.

"బట్టకి గేదెపాలు పట్టించలేదు. వట్టి కరక్కాయ నీళ్లలో ముంచి ఊరుకున్నాడు. మా ఇంట్లో ఐదేళ్ల పిల్లకి తెలుసు, గేదెపాల జిడ్డు లేకపోతే గీత నిలవదు, పాకుతుంది."

"పాలు దొరకలేదేమో."

"కొండ కింద ఆవులమంద చూడలేదూ? వందావులు. గేదె మాత్రం మచ్చుకి లేదు. ఏరు దాటాక ఎక్కడా లేదు." చెంగల్వ ఒక క్షణం ఆగింది. తర్వాత నవ్వింది. "మూడువందల ఏళ్లుగా యముడికి చిక్కకుండా తిరుగుతున్న ముసలివాడు. దున్నపోతు ఎవరి వాహనమో వాడికి గుర్తుంది. రాజుగారబ్బాయ్, దున్నలా రంకె వేయడం వచ్చా?"

"నేను అరవైనాలుగు కళలూ నేర్చాను."

"అందులో ఇది ఉందా?"

అతడు నిజాయితీగా ఆలోచించాడు. "లేదు."

"నడుస్తూ నేర్చుకో. లోపల నేను 'కుండలోడా, నిద్రపోతున్నావా' అంటాను. అప్పుడు వెయ్యి. నేను చాలనేదాకా ఆపకు."

సభామంటపంలో పింగళజటుడు పుర్రెల సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు. పుర్రెలకు వెల్ల వేయించాడు. తన జటలకు గోరింటాకు పెట్టించాడు. ముఖం మాత్రం ఎండిన చింతపండు. సింహాసనం పక్కన పొయ్యి మండుతోంది. వెనక గోడకు ఒక పట్టుగుడ్డ వేలాడుతోంది. గుడ్డమీద సింగన్న. నల్లటి గీతలుగా సింగన్న. గడ్డం పాకిపోయి మెడదాకా మసకబారింది. కళ్లు మాత్రం తేటగా కూతుర్నే చూస్తున్నాయి.

చెంగల్వ మూట దించి తల తిప్పుకుంది.

"వాకిట్లో పులి ఏమైంది?" అన్నాడు మాంత్రికుడు.

"తన కాళ్లు తను చూసుకుని సిగ్గుతో చచ్చింది స్వామీ."

"నోరు పెద్దదే. మీ అయ్యకీ ఇంతే. నా బొమ్మ వేస్తే అమ్మవారికి మైల అన్నాడు. ఇప్పుడు చూడు, గోడకి ఎంత మర్యాదగా వేలాడుతున్నాడో." అతడు ఒళ్లో నుంచి పిడుగుకలం తీసి ఆమె ముందు పడేశాడు. "రేపు పొద్దున జాతర. కొంగు నడుమ నేను ఉండాలి. త్రిమూర్తులు నాకు వింజామరలు వీస్తుండాలి."

"ముగ్గురూనా?"

"ముగ్గురూను. నలుపు గీతలు, ఎర్ర రంగు, పొద్దు గుంకేలోగా పూర్తి కావాలి. కాకపోతే ఆ గుడ్డ ఈ పొయ్యిలోకి పోతుంది. కళ్లు మాత్రం వేయొద్దు, అవి రేపు గుళ్లో నేనే వేయిస్తాను. నీ చెయ్యి కళ్ల దగ్గరికి పోయిందా, గుడ్డతోపాటు నువ్వూ పొయ్యిలోకే."

"నలుపు మీకు వచ్చుగా. నన్ను పిలిపించడం ఎందుకు?"

మాంత్రికుడు కాస్త తడబడ్డాడు. "నా ఎరుపు నిలవడం లేదు."

"నెత్తురు వాడి ఉంటారు."

"నీకెలా తెలుసు?"

"మీ వాళ్లకి ఎరుపంటే నెత్తురు తప్ప మరొకటి తోచదు. ఎండితే మట్టిరంగు, ఉతికితే అదీ పోతుంది. నిలిచే ఎరుపు చిరివేరు అనే మొక్క వేళ్లు ఉడికిస్తే వస్తుంది. కుండలోడా, నీళ్లు ఎక్కించు."

ఆమె మూట విప్పింది. కరక్కాయలో, గేదెపాలలో ముంచి ఎండబెట్టి ఇంటి నుంచి తెచ్చిన పట్టు అది, లేత వెన్నరంగులో మెరుస్తోంది. చింతబొగ్గుతో నీడలా రూపం దించింది. బెల్లం, ఇనుపతుక్కు మూడువారాలు పులిసిన నీటిలో కలం ముంచింది. కలానికి చుట్టిన ఉన్నిని బొటనవేలితో నొక్కితే వరిగింజంత నీరు జారింది. అది పట్టును తాకేదాకా పలచటి కషాయం. తాకగానే కాటుక. కరక్కాయ మహిమ అది. జటలు పాముల్లా మెలిపడ్డాయి. మెడలో హారాలు, హారాల్లో పువ్వులు, పువ్వుల్లో తుమ్మెదలు, తుమ్మెదల రెక్కల్లో ఈనెలు, ఒక్క గీతా పాకలేదు, ఒక్కటీ వణకలేదు. బ్రహ్మ, విష్ణువు, శివుడు చేతుల్లో వింజామరలతో నిలబడ్డారు. ముగ్గురి ముఖాల్లోనూ ఈ ఉద్యోగం ఇష్టం లేనట్టే వేసింది చెంగల్వ. మాంత్రికుడు అది గమనించలేదు. అతడు తనను తప్ప మరెవరినీ చూడడం లేదు.

"ముక్కు ఇంకా కోటేరులా ఉండాలి," అన్నాడు.

"అలాగే."

"ఛాతీ చాలదు. పొట్ట ఎక్కువైంది."

'రాజులకీ మాంత్రికులకీ ఒకటే జబ్బు' అనుకుంది చెంగల్వ. అరిందముడు గొంతు సవరించుకున్నాడు. ఆ పొట్ట తన తండ్రి పొట్టలాగే ఉందని అతనికీ తోచింది.

పొద్దు పడమటి కిటికీలోకి వచ్చేసరికి ఆమె రెండో చిప్ప తీసింది. అందులో తేటనీరు.

"అదేమిటి?"

"పటికనీరు. ఎరుపు కావలసిన చోట ఇది పూయాలి. చిరివేరు పటిక ఉన్నచోటే కరుచుకుంటుంది."

"కనబడటం లేదే."

"ఆరితే అసలే కనబడదు. ఉడికాక కనబడుతుంది."

అది తెలిశాక మాంత్రికుడు సింహాసనం దిగి ఆమె భుజం మీదుగా వంగాడు. పంచె అంచుకు పటిక, కిరీటపు రాళ్లకు పటిక, పెదవులకు పటిక. "ఇంక పైకి రాకు" అన్నాడు అతడు. అతని ఊపిరి ఆమె చెంపకు తగులుతోంది.

చెంగల్వ కలం చిప్పలో ముంచింది.

"కుండలోడా, నిద్రపోతున్నావా?"

అరిందముడు రంకె వేశాడు. మొదట అది పడిశం పట్టిన పిల్లి కూతలా వచ్చింది. తర్వాత దమ్ముపట్టి రెండోది వేశాడు. అది స్తంభాలను తాకి, చూరును తాకి, నాలుగు దిక్కుల నుంచి నాలుగు దున్నలై తిరిగి వచ్చింది. పింగళజటుడి ముఖంలో ఉన్న కాస్త నెత్తురూ ఇంకిపోయింది. మూడువందల ఏళ్ల వయసు మరిచి సింహాసనం కిందికి దూరాడు.

చెంగల్వ ఎడమకన్ను వేసింది. నీళ్లతో నీళ్లలాంటి గీత. పైరెప్ప, కింది రెప్ప, నడుమ పాప. కంటికి ఆనని కన్ను. తడి మెరుపు మీద ఊదింది. కలం మళ్లీ ముంచింది. కుడికన్ను దగ్గరికి పోయింది.

అరిందముడికి పొలమారింది. దగ్గాడు. దగ్గి, పుట్టినప్పటి నుంచి నేర్పిన మర్యాద కొద్దీ, "క్షమించాలి" అన్నాడు.

సింహాసనం కింది నుంచి ఒక చింతపండు ముఖం బయటికి వచ్చింది.

"యమధర్మరాజు దున్న క్షమాపణ అడగదు," అంది ఆ ముఖం.

చెంగల్వ కలం అప్పటికే బొమ్మ పెదవుల మీదికి తిరిగి వచ్చింది. మాంత్రికుడు ఒక్క అంగలో అరిందముణ్ని చేరి చెవి పట్టి మెలిపెట్టాడు. మడ్డి వేళ్లకు అంటింది. వజ్రం తళుక్కుమంది.

"ఓహో. గజకేసరి కొడుకా. పొట్టలో పోలిక చూసే అనుకున్నాను." అరిందముడు కావడిబద్ద ఎత్తబోతే ఒక్క మంత్రంతో అతని పాదాలను నేలకు అతికించాడు. తర్వాత కొంగును కిటికీ వెలుతురులో పట్టి చూశాడు. కళ్లచోట రెండు తెల్లటి ఖాళీలు. తృప్తిపడ్డాడు. ఆ తృప్తిలోనూ అనుమానం చావలేదు. "నువ్వు కుండ ముట్టుకోకు పిల్లా. నేనే ఉడికిస్తాను."

"ఉడికించండి స్వామీ," అంది చెంగల్వ చేతులు కట్టుకుని. "అడుగంటకుండా తిప్పాలి మరి."

మూడువందల ఏళ్ల తపస్సు, అష్టసిద్ధులు, నూటొక్క క్షుద్రవిద్యలు అన్నీ కలిసి ఒక తెడ్డు పట్టుకుని చిరివేళ్ల కుండ ముందు నిలబడ్డాయి. చీర రెండో కొస కుండ బయట వేలాడుతుంటే కొంగు లోపల మసిలింది. పెదవులు లేత గులాబీ అయ్యాయి. పంచె అంచు కుంకుమ అయింది.

"వస్తోంది, వస్తోంది," అన్నాడు మాంత్రికుడు మురిసిపోతూ, కుండలోకి వంగి.

కుండలోంచి ఎర్రటి కన్ను ఒకటి అతన్ని చూసింది.

తెడ్డు జారింది. అతని ఎడమచెయ్యి గాలిలో గుడ్డపీలికలా పలచబడి, మెలిపడి, కుండలోకి పోయింది. దాని వెనక ఎడమకాలు, ఎడమ భుజం, సగం గడ్డం, సగం అరుపు. తక్కిన సగం ఒంటికాలి మీద ఊగుతూ పొయ్యి పక్కన నిలిచిపోయింది. అరిందముడి పాదాల్లో ఒకటి నేలను వదిలింది, రెండోది వదల్లేదు.

గోడమీద గుడ్డ కదిలింది. సింగన్న తల బయటికి వచ్చింది, భుజాలు వచ్చాయి, నడుము దాకా వచ్చాడు. అక్కడ ఆగిపోయాడు. నడుము కింద పట్టే. ఆయన కూతుర్ని చూడలేదు, కుండలోకి చూశాడు.

"కన్ను ఒక్కటే వేశావేమే?"

"రాజుగారబ్బాయి దగ్గాడు నాయనా."

"పైరెప్ప వంకరపోయింది."

"కనబడని నీళ్లతో వేశాను."

"సాకులు," అన్నాడు సింగన్న.

మాంత్రికుడిలో మిగిలిన సగం, ఉన్న సగం నోటితో మంత్రం మొదలుపెట్టింది. సగం మంత్రానికి సగం డేగ పుట్టి ఒంటిరెక్కతో గిరగిరా తిరిగి గోడకు కొట్టుకుంది. రెండో మంత్రం అతడు చదవలేదు. ఒంటికాలితో గెంతి సింగన్న గుడ్డను కుడిచేత్తో గుంజి పొయ్యివైపు లాగాడు. అరిందముడు కాలు అతుక్కున్న చోటి నుంచే బద్ద విసిరాడు. అది సూటిగా సింహాసనానికి తగిలింది.

చెంగల్వ బయట వేలాడుతున్న చీర కొస అందుకుంది. నల్లనీటిలో కలం ముంచింది. వీపు ఒక్క గీత. కొమ్ములు రెండు గీతలు. కాళ్లు నాలుగు, ఉండవలసిన చోటే నాలుగు. కన్ను ఒక చుక్క.

ఆ కొసలోంచి కారుమబ్బంత గేదె బయటికి వచ్చి, మంటపం నడుమ నిలబడి, తీరిగ్గా తోక ఊపింది. మాంత్రికుడి సగం గుడ్డ వదిలేసి గెంతుకుంటూ లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ఆ భయానికే కట్టు సడలి అరిందముడి రెండో కాలు ఊడివచ్చింది.

అతడు సింహాసనం దగ్గర పడిన బద్దలోంచి కత్తి లాక్కుని, సింగన్నను వీపున వేసుకున్నాడు. పట్టుకాళ్లు గాలికి ఎగిరాయి. చెంగల్వ తెడ్డుతో కొంగును పైకి తీసి, కలం జడలో దోపుకుంది. ముగ్గురూ గేదె ఎక్కారు. గేదె పరిగెత్తింది. తెర దాటింది, నెమళ్లను దాటింది, కొలను దగ్గరికి వచ్చింది. పాచినీళ్లు చూసింది. గేదె గేదెబుద్ధి పోనిచ్చుకోలేదు. నింపాదిగా కొలనులో దిగి, వెండి హంసను ఒకదాన్ని కింద అణచి, పడుకుంది.

చెంగల్వ కొమ్ము పట్టి లాగింది. కొండ కదిలినా అది కదిలేలా లేదు. పొద్దు పడమటి గోడమీద మూరెడు ఎత్తులో ఉంది.

"ఉతకని రంగు అది," అన్నాడు సింగన్న మెల్లగా. "పొద్దు గుంకేలోగా రెండో కన్ను పడకపోతే మొదటి కన్ను మూసుకుంటుంది. వాడు బయటికి, నేను లోపలికి."

"పటిక ఏదీ? చిప్పలోది అయిపోయింది, మిగతాది వాకిట్లో కుండలతో పోయింది."

అరిందముడు చెవులదాకా ఎర్రబడ్డాడు. మొలలో చెయ్యి పెట్టి నిమ్మకాయంత పటికముక్క తీశాడు. "గడ్డం గీసుకున్నాక చెంపలకు రుద్దుకుందామని నీ మూటలోంచి తీసుకున్నాను."

చెంగల్వ అతన్ని చూసింది. తిట్టడానికి తీరిక లేదు, మెచ్చుకోవడానికి మనసు రాలేదు. పటికను దోసెట్లో కొలను నీళ్లతో అరగదీసింది.

"పాచినీళ్లతో పటికా? మన ఇంటా వంటా లేదు," అన్నాడు సింగన్న.

"నీకు కాళ్లు కావాలా, వద్దా నాయనా?"

ఆయన కొంగు బిగించి పట్టాడు. గేదె వీపును బల్లగా చేసుకుని ఆమె కుడికన్ను వేసింది. ఊది ఆరబెట్టింది. కుడికన్ను తెల్లగా, ఖాళీగా, ఏమీ లేనట్టే ఉంది. ఎర్రగా చూడాలంటే అది ఉడకాలి. చిరివేళ్ల కుండ సభామంటపంలో పొయ్యిమీద ఉంది.

ఎవరూ ఏమీ అనకముందే అరిందముడు కొంగు అందుకుని భుజాన వేసుకున్నాడు. కత్తి తీసుకున్నాడు. "ఈసారి దగ్గను," అని చెప్పి నీళ్లలోంచి మెట్లు ఎక్కిపోయాడు.

పొద్దు గోడను తాకింది. సింగన్న నడుము దగ్గర పట్టు అంగుళం పైకి పాకింది. చెంగల్వ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని, చెవులు మంటపం వైపు పెట్టి కూర్చుంది.

లోపల నుంచి రంకె వినిపించింది. ప్రాకారాలు అదిరాయి. ఇత్తడి శిఖరాల పూత పెళ్లలుగా రాలింది.

"నేర్చుకున్నాడు," అంది చెంగల్వ.

"అది వాడి గొంతు కాదే," అని సింగన్న తల అడ్డంగా ఊపి గేదెను చూపించాడు. ఇంతసేపూ కొండలా పడుకున్న గేదె చెవులు నిక్కించి, మోకాళ్లు ముడిచి, మంటపం వైపు తల వంచి మొక్కుతోంది.